ఇరవై వేల లోపు గ్రాఫిక్స్ కార్డు: ముందు క్యాబినెట్ మూత తీసి చూడాలి

ప్రశ్న: అన్నా, నేను గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఒక ఆఫీసులో వాడి అమ్మేసిన బ్రాండెడ్ టవర్ కంప్యూటర్ కొన్నాను. ఐ5-6500 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 240 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) ఉన్నాయి. మానిటర్ ఇంట్లో ఉన్న పాతదే, 1600×900. కార్డు కోసం పద్దెనిమిది వేలు దాచాను. జీటీఏ 5, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, సైబర్‌పంక్ 2077 ఆడాలి, త్రీడీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్ ప్రోగ్రాం కూడా నేర్చుకోవాలి. ఒక దుకాణంలో ఆర్‌ఎక్స్ 580 8 జీబీ కార్డు ఏడు వేలకు ఇస్తామంటున్నారు. విశాఖలో ఉన్న స్నేహితుడు ఇంకొన్ని నెలలు ఆగి ఆర్‌టీఎక్స్ 4060 కొనమంటున్నాడు. ఏది మంచిది?

జవాబు:

తమ్ముడూ, ఆ రెండూ నీకు వద్దు. నీ కంప్యూటర్ ఇప్పుడున్నట్టే ఉండగా దానికి సరిపడే కార్డు ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. పదహారు, పదిహేడు వేల దరిదాపుల్లో దొరికితే తీసుకో. మిగిలిన డబ్బు ర్యామ్ మీద పెట్టు. అయితే కొనే ముందు ఇది ఎందుకో నీకు తెలియాలి. రేపు దుకాణంలో ఇంకెవరో ఇంకేదో చెప్పినప్పుడు నీ లెక్క నీ దగ్గర ఉండాలి కదా.

రాయగడలో కంప్యూటర్లు బిగించడం, బాగుచేయడం నా వృత్తి. జేకేపూర్, మునిగుడ, గుణుపురం నుంచి, అటు ఆంధ్ర వైపు పార్వతీపురం నుంచి కూడా నా దగ్గరికి వస్తుంటాయి. గేమ్‌ల కోసం కార్డు కొనుక్కుని, అది పెట్టగానే కంప్యూటర్ ఆన్ కావడం లేదని తెచ్చే పిల్లలే ఎక్కువ. చాలాసార్లు కార్డులో ఏ లోపమూ ఉండదు. దాన్ని పెట్టిన క్యాబినెట్‌కు దాన్ని నడిపే శక్తి ఉండదు. మనవాళ్ళందరూ కార్డు నుంచి మొదలుపెట్టి ఆలోచిస్తారు. మనలా కొద్ది డబ్బుతో కొనేవాళ్ళు ఎస్‌ఎంపీఎస్ నుంచి మొదలుపెట్టాలి.

మదర్‌బోర్డు మీద గ్రాఫిక్స్ కార్డు పెట్టే పొడవాటి స్లాటు తనంతట తాను గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది. అంతకంటే ఎక్కువ కావలసిన కార్డుకు ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే వైరు రావాలి. 6 పిన్నుల వైరు ఇంకో 75 వాట్లు, 8 పిన్నులది 150 వాట్లు ఇస్తుంది. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటి ఆఫీసు యంత్రాల్లో సాధారణంగా వచ్చే చిన్న ఎస్‌ఎంపీఎస్‌లకు ఈ వైర్లు ఉండవు. ఎస్‌ఎంపీఎస్ మార్చేద్దామంటే అదీ అంత సులువు కాదు. మామూలు క్యాబినెట్‌లో మదర్‌బోర్డుకు వెళ్ళే 24 పిన్నుల వైరు స్థానంలో ఈ కంపెనీలు చాలా మోడళ్ళలో తమ సొంత పిన్నులు వాడుతున్నాయి. కొన్నింటిలో ఎస్‌ఎంపీఎస్ కొలతలు కూడా వేరు.

ఇప్పుడు లెక్క చూద్దాం. నీ ప్రాసెసర్ 65 వాట్లది. బోర్డు, ర్యామ్, డిస్కు, ఫ్యాను కలిపి నలభై అనుకుందాం. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డు 70 వాట్లది, వేరే వైరు అడగదు, స్లాటు ఇచ్చే కరెంటుతోనే నడుస్తుంది. మొత్తం 175 వాట్లు. నీ 240 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద ఊపిరాడేంత ఖాళీ మిగులుతుంది. అదే ఆర్‌ఎక్స్ 580 అయితే కార్డు ఒక్కటే 185 వాట్లు లాగుతుంది, దానికి 8 పిన్నుల వైరు కావాలి. ఆర్‌టీఎక్స్ 4060 తక్కువ కరెంటు వాడే మంచి కార్డే, 115 వాట్లు చాలు దానికి. కానీ దానికీ ఆ వైరు కావాలి, అది నీకు లేదు.

ఇక్కడే దుకాణంలో ఎవరో ఒకరు అంటారు, సాటా వైరును 8 పిన్నులుగా మార్చే అడాప్టర్ రెండు వందలకు దొరుకుతుందని. దయచేసి అది పెట్టవద్దు. సాటా కనెక్టర్ హార్డ్ డిస్కు కోసం చేసినది. 12 వోల్టుల మీద అది మోయగలిగింది 54 వాట్లే. దాని నుంచి 150 వాట్లు లాగితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది, నల్లబడుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది. అలా కరిగిపోయిన కనెక్టర్లు నేను చేత్తో పీకి తీశాను. రాత్రి గేమ్ ఆన్ చేసి డౌన్‌లోడ్ పెట్టి పడుకునే పిల్లల గదుల్లో అలాంటి వైరు ఉండటం నాకు నిజంగా భయం.

ఇది చదివేవాళ్ళలో ఊళ్ళో బిగించిన మామూలు క్యాబినెట్ ఉన్నవాళ్ళూ ఉంటారు కాబట్టి వాళ్ళకూ ఒక మాట. ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని పెద్ద అక్షరాలతో ఉంటే నమ్మకండి. దాని పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 15 ఆంపియర్లు అని ఉంటే 12ను 15తో గుణించండి, 180 వాట్లు. ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు పనికొచ్చేది ఆ 180 మాత్రమే. మంచి కంపెనీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో ఆ గడిలో 36 ఆంపియర్ల దాకా ఉంటుంది. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద కొత్త కార్డు పెట్టడం కంటే ముందు మూడు, నాలుగు వేలు పెట్టి కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్న 550 వాట్లది కొనడం మేలు. కార్డు రెండు నెలలు ఆలస్యమైనా పరవాలేదు.

ఇక ఆ ఏడు వేల ఆర్‌ఎక్స్ 580 సంగతి. కరెంటు సమస్య లేకపోయినా నేను దాన్ని వద్దనే చెప్పేవాణ్ని. అది 2017 నాటి కార్డు. ఇప్పుడు బజారులో తిరుగుతున్నవాటిలో చాలా భాగం క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్ళు నడిచినవి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో నాణెం తన పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వడం ఆగిపోయింది, ఆ కార్డులన్నీ మూటలుగా బజారులోకి వచ్చాయి. కడిగి, కొత్త ఫ్యాన్లు బిగించి, కొత్త డబ్బాలో పెడితే చూడటానికి కొత్తవిలాగే ఉంటాయి. పైగా 580 అన్న పేరుతో రెండు రకాలున్నాయి. అసలు దానిలో 2304 కోర్లు ఉంటాయి. 2048ఎస్‌పీ అని చిన్న అక్షరాలతో ఉన్నది నిజానికి ఆర్‌ఎక్స్ 570 స్థాయి కార్డు. 2023 చివరి నుంచి ఏఎమ్‌డీ ఈ తరం కార్డులను పక్కకు పెట్టి ముఖ్యమైన అప్‌డేట్లు మాత్రమే ఇస్తోంది. నీకు బ్లెండర్ కూడా కావాలి కదా, అక్కడ ఇంకా నష్టం. 2021 డిసెంబరులో వచ్చిన బ్లెండర్ 3.0 నుంచి సైకిల్స్ రెండరింగ్‌లో, అంటే చేసిన బొమ్మను పూర్తి చిత్రంగా మార్చే పనిలో, ఏఎమ్‌డీ కార్డులను వాడుకునే పాత ఓపెన్‌సీఎల్ పద్ధతి తీసేశారు. కొత్త పద్ధతి ఆ తరం కార్డులకు లేదు. అంటే రెండర్ నొక్కితే 580 ఖాళీగా కూర్చుంటుంది, నీ పాత ప్రాసెసర్ ఒక్కటే చెమటోడుస్తుంది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డులకు మాత్రం ఆప్టిక్స్ అనే పద్ధతి ఉంది. రే ట్రేసింగ్ (కాంతి ఎలా పడి ప్రతిఫలిస్తుందో లెక్కగట్టి గీయడం) కోసం పెట్టిన కోర్లను అది రెండరింగ్‌కు వాడుకుంటుంది. నేర్చుకునేవాడికి ఈ తేడా గంటల్లో కనిపిస్తుంది.

మన వైపు దుకాణాల్లో ఇంకో అలవాటు ఉంది. కార్డును జీబీల లెక్కన అమ్ముతారు. "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంది, ఐదు వేలు" అంటారు. విప్పి చూస్తే అది జీటీ 730. 2014లో వచ్చిన ఆ కార్డుకు 4 జీబీ డీడీఆర్3 మెమరీ తగిలించినంత మాత్రాన గేమ్‌లు నడవవు. గాదె ఎంత పెద్దదైనా పొలంలో పండితేనే గదా నిండేది. జీటీ 1030లోనూ ఇదే తంటా. 2017లో వచ్చిన జీడీడీఆర్5 రకం సెకనుకు 48 జీబీ డేటా కదిలిస్తే, తర్వాత అదే పేరుతో వచ్చిన డీడీఆర్4 రకం 17 జీబీ కూడా కదిలించలేదు. పేరు ఒకటే, డబ్బా ఒకేలా ఉంటుంది, ఆటలో తేడా సగానికి దగ్గర. అందుకే మోడల్ పేరుతో ఆగకుండా మెమరీ రకం, అది ఎన్ని బిట్లది (డేటా నడిచే దారి ఎంత వెడల్పు) అన్నవి కూడా బిల్లు వేయించే ముందే అడగాలి.

నేను చెబుతున్న 3050లోనూ ఈ చిక్కు ఉంది, దాచను. 2022 జనవరిలో వచ్చిన 8 జీబీ రకానికి 2560 కోర్లు, 128 బిట్ల మెమరీ, 130 వాట్లు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6 జీబీ రకానికి 2304 కోర్లు, 96 బిట్లు, 70 వాట్లు. రెండోది స్పష్టంగా నెమ్మదైనది. మామూలు క్యాబినెట్, మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్నవాడు అడిగితే దాన్ని కొనమని చెప్పను. ఎస్‌ఎంపీఎస్ మార్చకుండా నడిచే ఆర్‌టీఎక్స్ కార్డు కావాలి కాబట్టే నీకు అది చెబుతున్నాను.

వేరే వైరు అడగని కార్డుల్లో దీనికి ముందు అందరూ కొన్నది జీటీఎక్స్ 1650. ఇప్పటికీ దొరుకుతోంది, ధర కూడా తక్కువే. కానీ దానిలో 4 జీబీ మెమరీయే ఉంటుంది. ఈ రోజుల్లో కొత్తగా డబ్బు పెట్టి 4 జీబీ కార్డు కొనడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. గేమ్‌లో గోడలు, నేల, ముఖాలు, బట్టలు అన్నింటి చిత్రాలూ ఆ మెమరీలోకి రావాలి. అది నిండిపోతే మిగిలినవి కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతాయి, అక్కడి నుంచి స్లాటు గుండా మాటిమాటికీ రావాలి. అప్పుడు సెకనుకు వచ్చే బొమ్మలు, అంటే ఫ్రేములు, సగటున బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ మలుపు తిరిగిన ప్రతిసారీ బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. ఆట ఆడేవాడికి చిరాకు తెప్పించేది ఆ బిగుసుకుపోవడమే. నీ మానిటర్ స్థాయికి 6 జీబీ సరిపోతుంది. ఫుల్ హెచ్‌డీలో కొత్త పెద్ద గేమ్‌లు ఆడేవాళ్ళు 8 కంటే తక్కువకు దిగకూడదు.

ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ అనే రెండు కార్డులను ఎవరైనా సూచిస్తే వద్దని చెప్పు. అవి స్లాటు నుంచి నాలుగు దారులే వాడతాయి. కొత్త బోర్డుల్లో, అంటే ఆ స్లాటు పీసీఐఈ 4.0 అనే కొత్త తరానిది అయినచోట, అది చాలు. నీ బోర్డు 3.0. అక్కడ ఆ నాలుగు దారుల్లో సెకనుకు సుమారు 4 జీబీయే పోతుంది. మెమరీ 4 జీబీ, దారి ఇరుకు, రెండు లోపాలూ ఒకదానికొకటి తోడవుతాయి. వీడియో రికార్డు చేసే ఎన్‌కోడర్ కూడా వాటిలో లేదు. 3050 6 జీబీ ఎనిమిది దారులు వాడుతుంది, నీ బోర్డులో దానికి ఇబ్బంది రాదు. ఇంటెల్ ఆర్క్ కార్డులు ధరకు తగ్గ బలమైనవే, ముఖ్యంగా 12 జీబీ ఉన్న బీ580. కానీ వాటికి కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకోనిచ్చే రీసైజబుల్ బార్ అనే సౌకర్యం బోర్డులో ఉండాలి. ఇంటెల్ పదో తరం నుంచి అది మామూలుగా దొరుకుతుంది. నీది ఆరో తరం.

మానిటర్ సంగతి చాలామంది పట్టించుకోరు, నీకు మాత్రం అదే కలిసివచ్చింది. 1600×900 అంటే 14.4 లక్షల పిక్సెళ్ళు. ఫుల్ హెచ్‌డీ అయితే 20.7 లక్షలు, దాని పైది 1440పీ అయితే 36.9 లక్షలు. కార్డు ఒక్కో ఫ్రేముకు అన్ని పిక్సెళ్ళనూ గీయాలి. కాబట్టి ఫుల్ హెచ్‌డీలో ఇదే కార్డుతో ఆడేవాడికి వచ్చే ఫ్రేముల కంటే నీకు ఎక్కువే వస్తాయి. ఇప్పుడే కొత్త మానిటర్ కొనాలని తొందరపడకు. కానీ దాని వెనక ఒకసారి చూడు. ఆ వయసు మానిటర్లలో చాలావాటికి వీజీఏ పోర్టు ఒక్కటే ఉంటుంది. ఇప్పటి కార్డులకు వీజీఏ ఉండదు. కొన్నింటికి డీవీఐ ఉన్నా అది డిజిటల్ మాత్రమే, వంద రూపాయల చిన్న డీవీఐ-వీజీఏ మూతతో పనిచేయదు. లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ-వీజీఏ కన్వర్టర్ కొనాలి. కార్డు పెట్టాక మానిటర్ కేబుల్‌ను ఆ కార్డు పోర్టులోనే పెట్టు. మదర్‌బోర్డు పోర్టులో వదిలేసి, కార్డు పనిచేయడం లేదని నా దగ్గరికి తెచ్చినవాళ్ళు చాలామంది.

ఇప్పుడు నిన్ను కొంచెం నిరాశపరిచే మాట చెప్పాలి. కార్డు కంటే ముందు నిన్ను ఆపేది ప్రాసెసరే. ఐ5-6500లో నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). సైబర్‌పంక్ తయారీదారులు 2023లో గేమ్ కనీస అవసరాలను పెంచారు. ఇప్పుడు వాళ్ళు అడిగే కనీసం కోర్ ఐ7-6700 లేదా రైజెన్ 5 1600, 12 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 6 జీబీ, పైగా ఎస్‌ఎస్‌డీ. నువ్వు కొనబోయే కార్డు ఆ 1060 కంటే కాస్త పైనే ఉంటుంది. ప్రాసెసర్, ర్యామ్ రెండూ గీతకు కింద ఉన్నాయి. జనం గుంపులుగా తిరిగే వీధుల్లో ఫ్రేములు పడిపోతాయి, దానికి ఏ కార్డూ మందు కాదు. నువ్వు 4060 పెట్టినా ఆ వీధిలో అంతే. స్నేహితుడి సలహా నీకెందుకు పనికిరాదో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

దీనికి ఉపాయం ఉంది. ముందు ఇంకో 8 జీబీ ర్యామ్ వేయి. ఒకే కడ్డీ ఉన్న కంప్యూటర్‌లో రెండోది వేస్తే సామర్థ్యం పెరగడమే కాదు, రెండు చానళ్ళూ కలిసి పనిచేస్తాయి. ప్రాసెసర్‌కు డేటా అందే వేగం పెరుగుతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి నీ బోర్డుకు సరిపడే రకంలో వాడిన కడ్డీ చూడు. ర్యామ్‌లో వాడినది కొనడం పెద్ద ప్రమాదం కాదు, పరీక్షించడం సులువు. తర్వాత ఎప్పుడైనా ఐ7-6700 వాడినది దొరికితే అది నీ సాకెట్‌లోనే కూర్చుంటుంది. దానికీ 65 వాట్లే. ఎనిమిది థ్రెడ్లు వస్తాయి. ఆ రోజు నీ కంప్యూటర్ ఇంకో మెట్టు ఎక్కుతుంది. గేమ్‌లు హార్డ్ డిస్కు మీద ఉంటే ఎస్‌ఎస్‌డీకి మార్చడం మర్చిపోకు. రెడ్ డెడ్ ఒక్కటే 150 జీబీ చోటు అడుగుతుంది, దానికి తగ్గట్టు చూసుకో.

ఏది అడ్డుపడుతోందో ఊహించనవసరం లేదు. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టుకుంటే ఆడుతుండగానే తెర మూలలో అంకెలు కనిపిస్తాయి. కార్డు వాడకం 95 శాతం పైన ఉంటే కార్డు తన శక్తంతా ఇస్తున్నట్టు. అప్పుడు గేమ్‌లో సెట్టింగ్స్ తగ్గించు. కార్డు అరవైలో ఉండి ప్రాసెసర్ నూరులో ఉంటే బొమ్మ నాణ్యత తగ్గించినా లాభం లేదు. జనం సంఖ్య, దూరం దాకా కనిపించే వివరాలు, నీడలు తగ్గించాలి, ఫ్రేములను 45 దగ్గర ఆపేయాలి. నిలకడగా వచ్చే 45, ఎగిరిపడే 70 కంటే కంటికి హాయిగా ఉంటుంది.

జీటీఏ 5 నీకు ఏ బెంగా లేకుండా నడుస్తుంది. రెడ్ డెడ్ మీడియంలో చక్కగా ఆడుకోవచ్చు. సైబర్‌పంక్‌కు డీఎల్‌ఎస్‌ఎస్ వాడు. తక్కువ పిక్సెళ్ళతో గీసి పెద్దది చేసే ఈ పద్ధతి ఆర్‌టీఎక్స్ కార్డులకే ఉంది. 2025 జనవరిలో వచ్చిన దాని కొత్త రూపం పాత 2000 సిరీస్ నుంచీ అన్ని ఆర్‌టీఎక్స్‌లకూ అందింది, బొమ్మ ముందుకంటే శుభ్రంగా ఉంటుంది. డబ్బాల మీద గొప్పగా రాసే ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో ఫ్రేములను కార్డే కల్పించడం) మాత్రం ఎన్విడియాలో 4000 సిరీస్ నుంచే. రే ట్రేసింగ్ ఈ ధరలో ఆపేసి ఆడటమే మంచిది.

అయితే రే ట్రేసింగ్ ఆపలేని గేమ్‌లు రావడం మొదలైంది. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్, 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ ఆ హార్డ్‌వేర్ లేని కార్డు మీద నడవవు. రెండింటికీ కనీసం ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ లేదా ఆర్‌ఎక్స్ 6600 అడుగుతారు. అవి నీ కార్డుకు పైవి, వాటి మీద ఆశ పెట్టుకోకు. అలాగే ఎన్విడియా 2025 అక్టోబరుతో జీటీఎక్స్ 900, 1000 సిరీస్‌లకు కొత్త గేమ్‌ల డ్రైవర్లు ఇవ్వడం ఆపింది. భద్రతా అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తారు. ఎవరైనా 1050 టీఐ, 1060 చవకగా ఇస్తామంటే ఇది గుర్తుపెట్టుకో. ఏదైనా గేమ్ నీ కంప్యూటర్ మీద నడుస్తుందో లేదో అనుమానముంటే స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో కొని చూడు. కొన్న పద్నాలుగు రోజుల లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే అడిగి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు.

మామూలు క్యాబినెట్, 450 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్, ఆరు కోర్ల ప్రాసెసర్ ఉన్నవాళ్ళు ఇరవై వేల దగ్గర ఆలోచిస్తుంటే నా మాట వేరు. ఆర్‌ఎక్స్ 6600 చూడండి. 8 జీబీ, 132 వాట్లు, ఒకే 8 పిన్నుల వైరు. ఫుల్ హెచ్‌డీ ఆటకు 3050 6 జీబీ కంటే ఎంతో ముందుంటుంది. బ్లెండర్ ముఖ్యమైతే వాడిన ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ వెతకండి. 3060లో 8 జీబీ రకం కూడా ఉంది, 192 బిట్లకు బదులు 128 బిట్లది, అది కాదు.

వాడినది కొనేటప్పుడు కార్డును కంప్యూటర్‌లో పెట్టి చూపించనివాడి దగ్గర కొనవద్దు. కార్డు వివరాలు చూపే జీపీయూ-జడ్ ప్రోగ్రాం తెరిచి కోర్ల సంఖ్య, మెమరీ బిట్లు సరిచూడాలి. పాత చిప్‌కు కొత్త పేరు రాసిన నకిలీ కార్డులను ఆ ప్రోగ్రాం చాలావరకు పట్టేస్తుంది. తర్వాత కార్డును పూర్తిగా శ్రమపెట్టే ఫర్‌మార్క్ గానీ హెవెన్ గానీ ఇరవై నిమిషాలు నడపాలి. తెర మీద చుక్కలు, గీతలు, రంగు గళ్ళు కనిపిస్తే అక్కడితో సరి, ధర తగ్గించినా వద్దు. వేడి 83 డిగ్రీలు దాటి ఎక్కుతూనే ఉంటే లోపల చిప్ వేడిని బయటికి పంపే పేస్టు ఎండిపోయి ఉండవచ్చు.

కొత్తది కొంటే బిల్లు నీ పేరు మీద, సీరియల్ నంబరుతో సహా రాయించుకో. గ్రాఫిక్స్ కార్డుల మీద జీఎస్టీ 18 శాతం. బిల్లు లేకుండా తగ్గిస్తామని అక్కడే మొదలుపెడతారు. బిల్లు లేకపోతే మూడేళ్ళ వారంటీ మీద హక్కు చూపించడం కష్టం, అందులో బేరం లేదు. విశాఖలో కొన్నా, హైదరాబాద్‌లో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో కొన్నా, మన దేశానికి వచ్చిన కార్డయితే వారంటీ దేశమంతా చెల్లుతుంది. సర్వీసు సెంటర్ మాత్రం రాయగడలోనో గుణుపురంలోనో ఉండదు. నీకు దగ్గరైన నగరం ఏదో ఆ కంపెనీ సైటులో ముందే చూసి, విశాఖలోనో భువనేశ్వర్‌లోనో సర్వీసు ఉన్న కంపెనీ కార్డునే ఎంచుకో. రెండు కార్డుల మధ్య ఐదు వందల తేడా కంటే ఇది ముఖ్యం. కొరియర్‌లో తెప్పిస్తే డబ్బా సీలు విప్పడం దగ్గర నుంచి కార్డు మీద సీరియల్ నంబరు కనిపించేదాకా ఆపకుండా వీడియో తీయి.

కొన్నాక దాన్ని కాపాడుకోవడం గురించి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వస్తుందంటే కంప్యూటర్ స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ పీకాలి. రూటర్ నుంచి వచ్చే నెట్‌వర్క్ కేబుల్ కూడా పీకాలి. పిడుగు కరెంటు తీగ మీదుగానే రానక్కరలేదు. ఒడిశా ప్రభుత్వం పిడుగుపాటును 2015లోనే రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది, అంటే ఇక్కడ అది ఎంత మామూలో ఆలోచించు. మన పాత ఇళ్ళలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా మూడో రంధ్రం వెనక తీగే ఉండదు. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటే అదే కారణం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలిపించు. రెండు, మూడు వోల్టులు మించితే ఎర్తింగ్ బాగుచేయించాలి. 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల దాకా మోస్తుంది, నీ కంప్యూటర్, మానిటర్ రెండింటికీ సరిపోతుంది. ఇది కార్డు తర్వాత కొనాల్సిన మొదటి వస్తువు.

గది ఎంత వేడిగా ఉంటే కార్డు అంత ఎక్కువ వేడెక్కుతుంది. ఆఫీసు టవర్లలో గాలి ఆడటం తక్కువ, క్యాబినెట్‌ను బల్ల కింద గోడకు ఆనించి పెట్టకు. మన ఎర్రమట్టి దుమ్ము ఫ్యాను రెక్కలకు పట్టి గట్టిపడుతుంది. రెండు, మూడు నెలలకోసారి ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదాలి. వానాకాలంలో చాలా రోజులు వాడక తెర రాకపోతే కంగారుపడకు, కార్డు తీసి బంగారు రంగు పళ్ళను మెత్తని రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టు.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ప్రాసెసర్ల నుంచే. కాబట్టి బ్యాంకు పనులు ఈ కంప్యూటర్ మీద పెట్టుకోకపోవడమే మంచిది.

డబ్బు కట్టే ముందు ఒక పని చేయి. క్యాబినెట్ మూత తీసి మూడు ఫోటోలు పంపు: ఎస్‌ఎంపీఎస్ మీది పట్టిక, కార్డు పెట్టే స్లాటు దగ్గర టేపుతో కొలిచిన పొడవు, వెనక రేకుల ఎత్తు. సన్నటి క్యాబినెట్ అయితే మామూలు కార్డు పట్టదు, ఎత్తు తక్కువ ఉండే లో ప్రొఫైల్ రకం తెప్పించుకోవాలి. అవి 3050 6 జీబీలో ఉన్నాయి కానీ ధర కొంచెం ఎక్కువ. పూర్తి టవర్ అయి, హార్డ్ డిస్కు గూడు అడ్డం రాకపోతే ఒకే ఫ్యాను ఉన్న పొట్టి మోడల్ హాయిగా కూర్చుంటుంది. ఫోటోలు చూసి ఏ మోడల్ తీసుకోవాలో పేరుతో సహా చెబుతాను.